ఉప్పుగాలికి ఆగే పూత: చేసే మిషన్లు, పరీక్షించే పరికరాలు

మాది కోడూరు. దివిసీమలో సముద్రం అంచున ఉన్న మండలం. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసేది మా మండలంలోనే. ఇంటి గేటు, కరెంటు స్తంభం, ఆక్వా చెరువులో ఏరేటర్ బోల్టు, పడవ ఇంజన్ స్టాండు, మా వైపు వీటన్నిటికీ శత్రువు ఒకటే: ఉప్పుగాలి. నేను కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్నానని తెలిసినప్పటి నుంచీ ఇంటికెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "ఏ పెయింట్ వేస్తే ఆగుద్దిరా?" అని.

ఆ ప్రశ్నకి కంపెనీ పేరు జవాబు కాదు. పెయింట్ ఎలా తయారవుతుంది, అది బాగుందో లేదో ఏ పరికరం చెబుతుంది, ఆ పరికరం చెప్పలేనిది ఏంటి, ఈ మూడూ తెలియాలి. పోయిన వేసవిలో ట్రైనింగ్ కోసం ఒక పెయింట్ ఫ్యాక్టరీలో మూడు వారాలు ఉన్నాను. అక్కడ చూసింది, పుస్తకాల్లో చదివింది, మా ఊరికి పనికొచ్చేది కలిపి రాస్తున్నాను. మెకానికల్, సివిల్ మిత్రులకి కూడా ఇది పనికొస్తుంది. రేపు సైట్‌లో పెయింట్ పని చేయించేది ఎక్కువగా మీరే కదా!

ఎందుకింత గొడవ?

మా వైపు మురుగు కాల్వలు సముద్రంలోనో, కృష్ణ పాయలోనో కలిసే చోట అవుట్‌ఫాల్ స్లూయిస్‌లు ఉంటాయి. ఆటు వేళ షట్టర్ తెరిచి పొలాల మురుగు బయటకి పోనివ్వాలి. పోటు వేళ మూసి ఉప్పునీటిని ఆపాలి. షట్టర్‌ని తుప్పు తినేసి చిల్లు పడితే పోటునీరు కాల్వలో ఎదురెక్కి శివారు చేలకి చేరుతుంది. మా పెదనాన్న గారి సార్వా ఒక ఏడాది అలాగే పోయింది. నారు ఎర్రబడింది, నీళ్ళు ఆరాక నేల మీద తెల్లగా చౌడు తేలింది. ఆ షట్టర్‌కి అంతకు రెండేళ్ళ ముందే రంగు వేశారు. "రెండు కోటింగులు కొట్టారు కదండీ" అన్నారు అడిగితే. కొట్టిన మాట నిజమే. ఆ రెండు కోటింగుల మందం ఎంత? వాటి కింద ఇనుము శుభ్రంగా ఉందా? ఆ సంగతి ఎవరూ కొలవలేదు.

ఐఎస్ఓ 12944 అనే అంతర్జాతీయ ప్రమాణం గాలిని తుప్పు తీవ్రతని బట్టి సీ1 నుంచి సీ5 దాకా, దానిపైన సీఎక్స్ అని విభజించింది. సీ3 అంటే పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల మందం కోల్పోతుంది. సీ5లో అది 80 నుంచి 200 మైక్రాన్లు. ఉప్పు ఎక్కువగా ఉండే సముద్రతీరాలు సీ5లోకి వస్తాయి. ఇక ఉప్పునీటిలోనో, ఉప్పు కలిసిన నీటిలోనో మునిగి ఉండే ఇనుముకి ఐఎమ్2 అని వేరే తరగతి. మా షట్టర్ పైభాగం గాలిలో, కిందిభాగం ఐఎమ్2లో, మధ్యభాగం రోజుకి రెండుసార్లు తడిసి ఆరుతూ ఉంటుంది. ఇంటి గ్రిల్లుకి వేసే ఎనామిల్ అక్కడ ఆగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

డబ్బాలో ఏముంటుంది?

నాలుగు రకాల సరుకు. పొరని పట్టి ఉంచే రెజిన్, రంగునీ రక్షణనీ ఇచ్చే పిగ్మెంట్, రెండిటినీ పల్చగా ఉంచి ఆరిపోయే సాల్వెంట్, నురగ రాకుండా, అడుగున గడ్డ కట్టకుండా చూసే ఎడిటివ్‌లు. సాల్వెంట్ గాలిలో కలిసిపోతుంది. చివరికి ఇనుము మీద మిగిలేది మిగతా మూడే. డబ్బాలో అలా మిగిలే భాగం ఎంతో చెప్పే సంఖ్యని వాల్యూమ్ సాలిడ్స్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత లెక్కలో కావాలి.

పిగ్మెంట్ మూటలో పొడిలాగే కనిపిస్తుంది కానీ అందులోని రేణువులు ఉండలు ఉండలుగా అంటుకుని ఉంటాయి. ఒక్కో ఉండ మధ్యలో గాలి ఉంటుంది. ఉండ అలాగే పూతలోకి వెళితే, ఆ ఉండ పక్క నుంచే నీళ్ళు లోపలికి దారి చేసుకుంటాయి. కాబట్టి పెయింట్ తయారీ అంటే ముఖ్యంగా ఉండలు చితకడం, ప్రతి రేణువునీ రెజిన్‌తో తడపడం.

నూరే మిషన్లు

మన వంటింట్లో మిక్సీ ఉంది, రుబ్బురోలు ఉంది. బజార్లో చెరకు రసం మిషన్ ఉంది. పెయింట్ ఫ్యాక్టరీలో ఈ మూడింటికీ పెద్దన్నలు ఉంటారు.

మిక్సీకి పెద్దన్న హై స్పీడ్ డిస్పర్సర్. నిలువు షాఫ్ట్ చివర రంపపు పళ్ళున్న గుండ్రటి డిస్కు ఉంటుంది. డిస్కు వ్యాసం ట్యాంకు వ్యాసంలో సుమారు మూడో వంతు. ఇక్కడ చూడాల్సింది ఆర్‌పీఎం కాదు, డిస్కు అంచు వేగం. అది సెకనుకి 20 నుంచి 25 మీటర్లు ఉండాలి. 30 సెంటీమీటర్ల డిస్కు నిమిషానికి 1400 సార్లు తిరిగితే అంచు వేగం సెకనుకి 22 మీటర్లు. అదే ఆర్‌పీఎంతో ల్యాబ్‌లోని 5 సెంటీమీటర్ల డిస్కు తిప్పితే 4 మీటర్లు కూడా దాటదు. ల్యాబ్‌లో వచ్చింది ప్లాంటులో రాకపోవడానికి, ప్లాంటులో వచ్చింది ల్యాబ్‌లో రాకపోవడానికి ఇదొక కారణం. పిండి సరిపడా చిక్కగా ఉంటే డిస్కు చుట్టూ గారెలాగా, మధ్యలో గుంటతో తిరుగుతుంది. మరీ పల్చనైతే చిమ్ముతుందే తప్ప ఉండ చితకదు.

రుబ్బురోలుకి పెద్దన్న బాల్ మిల్. అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము, లోపల ఉక్కు లేదా పింగాణీ గుండ్లు. డ్రమ్ము తిరుగుతుంటే గుండ్లు పైకెక్కి దొర్లి కింద పడతాయి. మరీ వేగంగా తిప్పితే గుండ్లు గోడకి అంటుకుపోయి డ్రమ్ముతోపాటే తిరుగుతాయి, పని జరగదు. ఆ హద్దుని క్రిటికల్ స్పీడ్ అంటారు. మీటరు వ్యాసమున్న డ్రమ్ముకి అది నిమిషానికి సుమారు 42 చుట్లు. దానికన్నా బాగా తక్కువలోనే నడుపుతారు. గంటల తరబడి తిరగాలి, అందుకే చాలాచోట్ల రాత్రి వేసి పొద్దున్న తీసేవాళ్ళు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది బీడ్ మిల్. మిల్లీమీటరు అటూ ఇటూ సైజు గాజు లేదా జిర్కోనియా పూసలు నింపిన గదిలోంచి పెయింట్‌ని పంపుతో తోస్తారు. పూసలు చిన్నవి కాబట్టి సంఖ్య ఎక్కువ, రాపిడి ఎక్కువ, వేడి కూడా ఎక్కువ. అందుకని గది చుట్టూ జాకెట్‌లో చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. చెరకు మిషన్ పెద్దన్న ట్రిపుల్ రోల్ మిల్. మూడు రోలర్లు మూడు వేగాలతో తిరుగుతాయి. చిక్కటి ముద్ద వాటి సందుల్లోంచి నలిగి బయటకి వస్తుంది. ప్రింటింగ్ ఇంకులకి, పేస్టులకి ఇది బాగా నప్పుతుంది.

నూరిన ముద్దని పెద్ద ట్యాంకులో మిగతా రెజిన్, సాల్వెంట్‌తో నెమ్మదిగా కలుపుతారు. దీన్ని లెట్‌డౌన్ అంటారు. తర్వాత రంగు సరిచూడటం, సంచీ ఫిల్టర్‌లో వడకట్టడం, డబ్బాల్లో నింపడం. పెద్ద ప్లాంటుల్లో ఇదంతా పైపుల్లో, కంప్యూటర్ తెర ముందు జరిగిపోతుంది. విశాఖ దగ్గర పూడిలో 2019లో మొదలైన ఏషియన్ పెయింట్స్ ప్లాంటు ఏడాదికి 3 లక్షల కిలోలీటర్ల సామర్థ్యంతో ప్రారంభమైంది. ఆ స్థాయిలో ఉన్నా, చిన్న షెడ్డులో ఉన్నా సూత్రం మాత్రం ఇదే.

డబ్బా గేటు దాటేముందు

మెత్తదనం చూసేది హెగ్‌మన్ గేజ్. నున్నటి ఉక్కు దిమ్మె మీద ఒక గాడి. ఒక చివర 100 మైక్రాన్ల లోతు, రెండో చివర సున్నా. లోతు వైపు పెయింట్ వేసి, చదునైన బ్లేడుతో రెండో చివరికి లాగుతారు. రేణువు సైజుకన్నా గాడి లోతు తగ్గిన చోట గరుకు చుక్కలు బయటపడతాయి. అక్కడి అంకె చదవాలి. సాల్వెంట్ ఆరిపోతే తప్పు అంకె వస్తుంది కాబట్టి కొన్ని సెకన్లలోనే చదవాలి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, మిల్లు సరిగా నూరిందో లేదో చెప్పేస్తుంది.

చిక్కదనానికి ఫోర్డ్ కప్పు. 100 మిల్లీలీటర్లు పట్టే కప్పు అడుగున చిన్న రంధ్రం. ధార తెగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. కొలిచేటప్పుడు టెంపరేచర్ రాసుకోకపోతే ఆ సెకన్లకి అర్థం లేదు. మే నెల మధ్యాహ్నం కారే పెయింట్, డిసెంబరు పొద్దున్న అలా కారదు. దానితోపాటు లీటరు బరువు తూచే చిన్న కప్పు ఒకటి ఉంటుంది. ఖరీదైన పిగ్మెంట్ తగ్గించి చౌక పొడి వేస్తేనో, థిన్నర్ ఎక్కువ పోస్తేనో చాలాసార్లు ముందుగా పట్టిచ్చేది ఆ కప్పే.

ఇనుము తయారీ: అసలు పని ఇక్కడే

తుప్పు అంతకుముందున్న ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పూత కింద ఎక్కడ పుట్టినా పొరని పైకి లేపుతుంది. పాత తుప్పు మీద ఎంత మంచి రంగు వేసినా అంతే సంగతి.

అందుకని పెద్ద పనుల్లో గ్రిట్ బ్లాస్టింగ్ చేస్తారు. కంప్రెసర్ గాలి సుమారు 7 బార్ల ఒత్తిడితో గరుకు రేణువుల్ని ఇనుము మీదికి విసురుతుంది. మామూలు ఇసుక వాడితే సిలికా ధూళి ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. దాని బదులు కాపర్ స్లాగ్, గార్నెట్ వాడాలి. గార్నెట్ అంటే ఎక్కడిదో కాదు, మన శ్రీకాకుళం, విశాఖ తీరపు ఇసుకల్లో ఉండే ఎర్రటి ఖనిజమే. ఐఎస్ఓ 8501 ఫోటోల పుస్తకంలో ఎస్‌ఏ 2.5 అనే స్థాయికి వచ్చేదాకా కొట్టాలి. అప్పుడు ఇనుము బూడిద తెలుపు రంగులో, పూత పట్టుకునేంత గరుకుగా ఉంటుంది.

అంత తెల్లగా మెరిసినా ఉప్పు కంటికి కనిపించదు. దాన్ని పట్టుకునేది బ్రెస్లే పరీక్ష. చిన్న జిగురు తిత్తిని ఇనుముకి అంటించి, సిరంజితో స్వచ్ఛమైన నీళ్ళు లోపలికి పంపి, మళ్ళీ లాగి, ఆ నీటి కండక్టివిటీ కొలుస్తారు. ఉప్పు ఎంత ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది. ఓడల బల్లాస్ట్ ట్యాంకుల కోసం అంతర్జాతీయ నౌకా సంస్థ 2006లో పెట్టిన ప్రమాణంలో చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాముల ఉప్పు దాటకూడదు. 50 మిల్లీగ్రాములంటే చిటికెడులో చిన్న భాగం. ఉప్పు మిగిలిపోతే పూతలోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. నెలల్లో బొబ్బలు లేస్తాయి.

ఇక్కడ మా ఊరి చిక్కు చూడండి. షట్టర్ పనులు చేసేది వేసవిలో, కాల్వలు కట్టేశాక. ఉప్పు పోవాలంటే మంచినీళ్ళతో కడగాలి. ఆ రోజుల్లో కాల్వలో నీళ్ళుండవు. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే పడతాయి. ఆ బోరు నీళ్ళతో కడిగితే దుమ్ము పోతుంది, ఉప్పు మళ్ళీ చేరుతుంది! కాబట్టి ఎస్టిమేట్‌లో పెయింట్‌తోపాటు ట్యాంకర్ మంచినీళ్ళు కూడా రాయాలి. ఏ ప్రమాణాల పుస్తకంలోనూ కోడూరు గురించి ఈ మాట ఉండదు, మనమే రాసుకోవాలి.

ఇంకో సంగతి, గాలిలో తేమ. ఇనుము టెంపరేచర్ మంచు బిందువు కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే ఇనుము 29 దాటాలి. తెల్లవారుజామున చల్లబడ్డ ఇనుము అంత వేడిగా ఉండదు. "ఎండ ఎక్కకముందే పని కానిచ్చేద్దాం" అనే మన అలవాటు పొలంపనికి మంచిదే, పెయింట్ పనికి కాదు. చేత్తో గిరగిరా తిప్పే తడి-పొడి థర్మామీటర్ ఒకటి ఉంటే ఈ లెక్క నిమిషాల్లో తేలిపోతుంది.

పూసేటప్పుడు, ఆరాక

ఎయిర్‌లెస్ స్ప్రే పంపులో 45:1 నిష్పత్తి ఉంటే, 5 బార్ల గాలి ఇస్తే పెయింట్ 225 బార్లతో బయటకి వస్తుంది. ఆ ధార వేలిని తాకితే చర్మంలోకి దిగిపోతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

తడి పూత మందం చూసేది దువ్వెన గేజ్. పళ్ళు రకరకాల ఎత్తుల్లో ఉంటాయి. తడి పూత మీద నిలబెడితే చివరిగా తడిసిన పన్ను అంకె మన మందం. ఇప్పుడు ఇందాకటి వాల్యూమ్ సాలిడ్స్ తీయండి. 60 శాతం సాలిడ్స్ ఉన్న పెయింట్‌ని 200 మైక్రాన్ల తడి మందంలో పూస్తే ఆరాక 120 మిగులుతుంది. పనివాళ్ళు 100 లీటర్లకి 20 లీటర్ల థిన్నర్ పోశారనుకోండి. సాలిడ్స్ 50 శాతానికి పడిపోతుంది. దువ్వెన మీద అదే 200 కనిపిస్తుంది, ఆరాక మాత్రం 100 మైక్రాన్లే. ప్రతి కోటులో 20 మైక్రాన్లు కరిగిపోయినట్టు.

ఆరాక చూడటానికి డీఎఫ్‌టీ మీటర్. ఇనుముకీ మీటర్ చివరకీ మధ్య దూరాన్ని అయస్కాంత క్షేత్రం మార్పుతో కొలుస్తుంది. ఒక్క చోట కొలిచి వదిలేయకూడదు. ఓడల ట్యాంకులకి 90-10 అనే నియమం ఉంది. 320 మైక్రాన్లు కావాలంటే 90 శాతం రీడింగులు 320 పైన ఉండాలి, మిగతా పది శాతంలో ఏదీ 288కి తగ్గకూడదు. సగటు మాత్రమే చూస్తే నడుమ లావుగా, అంచుల్లో పల్చగా ఉన్న పూత కూడా పాసైపోతుంది. షట్టర్‌ని తుప్పు తినడం మొదలయ్యేదీ అంచుల దగ్గరే.

అతుకు చూడటానికి క్రాస్‌కట్. బ్లేడుతో గళ్ళు గీసి, టేపు అంటించి లాగుతారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఐఎస్ఓ పద్ధతిలో 0 అంటే అద్భుతం, 5 అంటే ఘోరం. అమెరికా ఏఎస్‌టీఎం పద్ధతిలో 5బి అద్భుతం, 0బి ఘోరం. రిపోర్టులో "5" అని మాత్రమే ఉంటే ఏ పద్ధతో అడగండి. దళసరి పూతలకి ఇనుప బిళ్ళ అంటించి పీకే పుల్-ఆఫ్ మీటర్ వాడతారు. ఎంత బలానికి ఊడిందన్నదానితోపాటు, ఇనుము దగ్గర ఊడిందా, పొరల మధ్య ఊడిందా, జిగురే ఊడిందా అన్నది కూడా చూడాలి. జిగురు ఊడితే పూత గురించి ఇంకా పూర్తిగా తెలియనట్టే.

సూది బెజ్జాల కోసం హాలిడే డిటెక్టర్. 500 మైక్రాన్ల లోపు పూతలకి 67.5 వోల్టుల తడి స్పాంజి ఒకటి. స్పాంజిని పూత మీద పాకిస్తుంటే బెజ్జం దగ్గర నీళ్ళు ఇనుముని తాకి పరికరం కూస్తుంది.

ఉప్పు గది ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సాల్ట్ స్ప్రే ఛాంబర్ అందరికీ తెలిసిన పేరు. ఏఎస్‌టీఎం బి117 అనే ఈ పద్ధతి 1939 నుంచి ఉంది. మూసిన పెట్టెలో 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటిని పొగమంచులా చిమ్ముతారు. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతమే. పూత మీద ఇనుము దాకా గీత గీసిన పలకల్ని ఏటవాలుగా పెట్టి, ఆ గీత పక్కన తుప్పు ఎంత దూరం పాకిందో కొలుస్తారు.

ట్రైనింగ్‌లో ల్యాబ్ సార్‌ని అడిగాను, "వెయ్యి గంటలు ఆగితే మా ఊళ్ళో ఎన్నేళ్ళు ఆగుతుంది సార్?" అని. ఆయన నవ్వి, "గంటల్ని ఏళ్ళలోకి మార్చే పట్టిక ఎవరైనా ఇస్తే నమ్మకు బాబూ" అన్నారు. ఎందుకంటే ఆ పెట్టెలో ఎండ లేదు, ఆరడం లేదు, ఎప్పుడూ తడే. మా షట్టర్ తడుస్తుంది, ఆరుతుంది, మళ్ళీ తడుస్తుంది. పగలంతా ఎండ. ఎపాక్సీ పూత ఎండకి సుద్దలా పొడి రాలుతుంది, ఆ సంగతి ఉప్పు గదికి తెలియదు. అందుకే ఇప్పుడు ఐఎస్ఓ 12944లో వారం రోజుల చక్రం ఒకటి పెట్టారు: మూడు రోజులు అతినీలలోహిత కాంతి, తేమ, మూడు రోజులు ఉప్పు పొగ, ఒక రోజు మైనస్ 20 డిగ్రీలు. కోడూరులో మైనస్ 20 ఎప్పుడూ రాదనుకోండి. అయినా ఆ చలికి పొర ముడుచుకుని, అతుకు బలహీనంగా ఉంటే బయటపడుతుంది. సాల్ట్ స్ప్రే పూర్తిగా పనికిరానిదని కాదు. ఒకే రకం పెయింట్‌లో ఈ బ్యాచ్‌నీ పోయిన బ్యాచ్‌నీ పోల్చడానికి బాగా పనికొస్తుంది. ఆయుష్షు జాతకం మాత్రం చెప్పలేదు. దానికి నిజమైన తీరంలో పలకలు పెట్టి ఏళ్ళ తరబడి చూడాల్సిందే. కారైకుడిలోని సీఎస్ఐఆర్ సంస్థ సెక్రి, తమిళనాడు తీరంలో మండపం దగ్గర అదే పని చేస్తోంది.

మన చేతిలో ఉన్నది

ఊళ్ళో ఎవరూ ఉప్పు గది కొనలేరు, అవసరం కూడా లేదు. ఫ్యాక్టరీ పరీక్షలు ఫ్యాక్టరీ చేస్తుంది. సైట్‌లో జరిగే తప్పుని పట్టడానికి ఇవి చాలు:

1. తడి-పొడి థర్మామీటర్: ఈ పూట పూయొచ్చా లేదా?
2. బ్రెస్లే తిత్తులు, చిన్న కండక్టివిటీ మీటర్: కడిగింది చాలా?
3. దువ్వెన గేజ్: తడి మందం.
4. డీఎఫ్‌టీ మీటర్: ఆరాక మందం. మన కాలేజీ లాంటి చోట ఒకటి ఉంటే చుట్టుపక్కల ఊళ్ళకి తీసుకెళ్ళొచ్చు.
5. ఖాళీ డబ్బాల లెక్క: దీనికి పరికరమే అక్కర్లేదు.

చివరిది వివరంగా చెబుతాను. సాలిడ్స్ శాతాన్ని 10తో గుణించి, కావాల్సిన మైక్రాన్లతో భాగిస్తే ఒక లీటరు ఎన్ని చదరపు మీటర్లకి వస్తుందో తెలుస్తుంది. 60 శాతం పెయింట్, రెండు కోట్లు కలిపి 240 మైక్రాన్లు అయితే 600ని 240తో భాగించాలి. లీటరుకి 2.5 చదరపు మీటర్లు. 3 మీటర్లు, 2 మీటర్ల షట్టర్‌కి రెండు వైపులా కలిపి 12 చదరపు మీటర్లు. అంటే 4.8 లీటర్లు కావాలి, బ్రష్షుకీ డబ్బాకీ అంటుకునేది కాకుండానే. గట్టు మీద ఒక్క నాలుగు లీటర్ల డబ్బా ఖాళీగా ఉండి, పని అయిపోయిందంటే, మీటర్ పెట్టకుండానే జవాబు తెలిసిపోతుంది.

ఈ లెక్క మా పెదనాన్న గారికి చెబితే ఆయన అడిగింది ఒక్కటే: "ఇది పెద్ద చదువేం కాదుగా, మరి ఎవరూ ఎందుకు లెక్కెట్టలేదురా?" అని. వచ్చే వేసవి కాల్వలు కట్టేశాక షట్టర్ల పని మళ్ళీ ఉంటుందంటున్నారు. గట్టు మీద రైతులతోపాటు నిలబడి డబ్బాలు లెక్కపెట్టడానికి, దువ్వెన గేజ్ పట్టుకోవడానికి మన క్లబ్ నుంచి నలుగురైనా వస్తే బావుంటుంది. రావాలనుకున్నవాళ్ళు నాతో చెప్పండి. భోజనం మా ఇంట్లోనే.